త్రాగుడు రోగికి త్రోవ ఏది?

పుత్తూరు కట్టు అనగానే మన ప్రాంతములో పసిబిడ్డకు సైతము తెలియును. చింతచెట్టు మీదనుండి పడి చెయ్యి విరిగినవాడును, బండి బోల్తాపడి కాలు విరిగినవాడును, ఎవరినీ త్రోవ అడుగకయే పుత్తూరు చెంతనున్న రాచపాళెమునకు పోవుచున్నారు. ఆకుపసరుతోను, కోడిగ్రుడ్డు సొనతోను, వెదురు బద్దలతోను అచ్చటి రాజుల కుటుంబమువారు కట్టెడి కట్టును గూర్చి తమిళులును కన్నడిగులును ఎరుగుదురు. కార్వేటినగరమునుండి ఒక పూటలో పోయి రాదగినంత సమీపమున అది యున్నది.

ఇదే కార్వేటినగరములో ఒక తల్లి కుమారునికిగాని, ఒక ఇల్లాలి పెనిమిటికిగాని త్రాగుడు రోగము పట్టినయెడల వారు ఎచ్చటికి పోవలెను? వేణుగోపాలస్వామి గుడియు, పాత సంస్థానపు భవనమును, పుష్కరిణియు, ఉపాధ్యాయులకు శిక్షణనిచ్చు విద్యాసంస్థయు గల ఊరు ఇది. సారంగపాణి పదములు పుట్టిన ఊరు. ఇంత చరిత్ర గల ఊరిలో ఈ ఒక్క ప్రశ్నకు ఉత్తరము చెప్పువారు అరుదు. మన ప్రాంతపు కాపరుల ఇంటి గడపయొద్ద ఈ ప్రశ్న తరచుగా వినబడుచుండును: “అయ్యగారూ, మావాణ్ణి యాడికి తీసకపోతే బాగవుతాడు?” దానికి లోకము చెప్పు ఉత్తరములు మనకందరకు తెలిసినవే. ఒకరు తాయెత్తు కట్టించుమందురు. ఒకరు మాల వేయించుమందురు. పెండ్లి చేసిన బుద్ధి వచ్చుననువారు ఒకరు. ఆ తరువాత ఇద్దరి బ్రదుకు చెడుటను చూచి నోరు మూసికొనువారును వారే. మన సంఘములో పెద్దలు మూడు దినములు ఉపవాస ప్రార్థన పెట్టించుదురు. ప్రార్థన మంచిదే. కాని కాలు విరిగినవానికి ప్రార్థనయు చేసి, పుత్తూరునకు బండియు కట్టుదుము గదా! త్రాగుడు రోగి విషయములో మాత్రము బండి కట్టువాడు లేకపోవుటకు కారణమేమి?

ఆ కారణము చరిత్రలో నున్నది. దానిని కొంచెము ఓపికతో వెదకి చూతము.

1886లో మద్రాసు అబ్కారీ చట్టము వచ్చెను. కల్లునకును సారాయికిని ప్రభుత్వమువారు అనుమతులిచ్చి, దుకాణములను వేలము వేసి, ఆ సొమ్మును ఖజానాకు చేర్చుకొనుచుండిరి. త్రాగెడివాడు దొరతనమునకు ఆదాయము. వీధిలో పడినప్పుడు మాత్రము పోలీసువానికి పని. అతడు రోగి యను తలంపు ఆ లెక్కల పుస్తకములో ఏ పుటయందును లేదు.

మరి మిషనులవారు? వారి సేవ గొప్పది. హెర్మన్స్‌బర్గు లూథరను మిషనువారు 1865లో సూళ్లూరుపేట ప్రాంతమునకు వచ్చి, అటుతరువాత నాయుడుపేట, శ్రీకాళహస్తి, తిరుపతి మొదలగు చోట్ల పనిచేసిరి. ఆర్కాటు మిషనువాడైన డాక్టరు జేకబ్ చేంబర్లేనుగారు 1863లో మదనపల్లెలో పని ఆరంభించి, సువార్తతోపాటు మందు సంచిని కూడ మోసికొనిపోయెను. 1912లో మిషనులన్నియు కలిసి మదనపల్లె చెంత క్షయరోగుల ఆరోగ్యశాలను ఆరంభించెను; డేనిష్ వైద్యుడైన ఫ్రిమోట్ మోలరుగారు దానికి పెద్దయై యుండెను. ఆ స్థలమునకు ఆరోగ్యవరము అను పేరు నేటికిని నిలిచియున్నది. క్షయకు ఒక ఇల్లు కట్టిరి. కుష్ఠునకు ఇండ్లు కట్టిరి. ప్రసవవేదన పడు స్త్రీలకు ఇండ్లు కట్టిరి. త్రాగుడునకు మాత్రము ప్రతిజ్ఞాపత్రమును, సంఘ క్రమశిక్షణయు చాలునని తలంచిరి. త్రాగి వచ్చినవానిని ప్రభువు బల్లనుండి తొలగించిరి. మారుమనస్సు పొందినయెడల మరల చేర్చుకొనిరి. మారలేనివాడు ఇంటివద్దనే యుండిపోయెను. క్షయరోగిని ఏ పాపమువలన నీకు ఈ రోగము వచ్చెనని ఎవరును అడుగలేదు. త్రాగుబోతును అది తప్ప మరేమియు అడుగలేదు.

నేను వారిని నిందించుటకు ఈ మాట వ్రాయుటలేదు. ఆ కాలపు వైద్యులలో అనేకులకును ఇంతకంటె ఎక్కువ తెలియదు. ఫిలదెల్ఫియా వైద్యుడైన బెంజమిన్ రష్‌గారు 1784లోనే మితిమీరిన త్రాగుడును రోగముగా వర్ణించి వ్రాసెను. ఆంగ్ల నౌకాదళపు వైద్యుడైన థామస్ ట్రాటరుగారు 1804లో దానిని మనస్సునకు పట్టిన రోగముగా వివరించెను. అయినను ఆ తలంపు పుస్తకములలోనుండి వీధిలోనికి వచ్చుటకు నూరేండ్లకు పైగా పట్టెను.

ఇప్పుడు మన జిల్లా కథకు వత్తము. 1937లో చక్రవర్తి రాజగోపాలాచారిగారు మద్రాసు రాష్ట్రపు ప్రధానియై, మద్యనిషేధ చట్టమును తెచ్చి, మొదట సేలము జిల్లాలో ఆ సంవత్సరము అక్టోబరు 1న అమలు చేసిరి. మరుసటి సంవత్సరము, 1938 అక్టోబరు 1న, దానిని చిత్తూరు, కడప జిల్లాలకు విస్తరింపజేసిరి. 1939లో ఉత్తర ఆర్కాటు వంతు వచ్చెను. అనగా తెలుగు దేశమంతటిలో మద్యనిషేధమును మొట్టమొదట చూచినది మన రెండు జిల్లాలే. కార్వేటినగరపు కల్లు దుకాణము మూతపడిన నాటికి బెజవాడలోను రాజమండ్రిలోను వేలంపాటలు సాగుచునే యుండెను. పోయిన అబ్కారీ ఆదాయమునకు బదులుగా 1939లో రాజాజీగారు అమ్మకపు పన్నును ప్రవేశపెట్టిరి. నేడు మనము అంగడిలో చెల్లించు పన్నుల వంశవృక్షములో ఒక వేరు ఆ మూసిన దుకాణములయొద్దనే యున్నదని చెప్పిన తప్పులేదు.

అది మంచి పనియే. కూలి డబ్బులు ఇల్లు చేరినవి. పిల్లలు రెండు పూటలు అన్నము తినిరి. దీనిని తక్కువచేసి మాటలాడుట ధర్మము కాదు. కాని దుకాణము మూసిన మరునాడు, పదునైదేండ్లు ఎడతెగక త్రాగిన ఒక మనిషి యొక్క శరీరములో ఏమి జరుగునో ఈనాటి వైద్యశాస్త్రము మనకు స్పష్టముగా తెలుపుచున్నది. మొదటి దినముననే చేతులు వణకును, చెమటలు పట్టును, నిద్ర రాదు. రెండు దినముల లోపల కొందరికి మూర్ఛలు వచ్చును. రెండవ దినమునుండి నాలుగవ దినము లోపల కొందరికి మతి భ్రమించును. గోడమీద పురుగులు ప్రాకుచున్నవనియు, ఎవరో తన్ను చంపవచ్చుచున్నారనియు కేకలు వేయుదురు. జ్వరము హెచ్చి, గుండె చెదరి, కొందరు చనిపోవుదురు. ఎక్కువ కాలము ఎక్కువగా త్రాగినవాడు ఒక్కసారిగా మానుట ప్రాణాపాయము కావచ్చును. ఈ సంగతి తెలియని ఇంటివారు ఆ మూడవ రాత్రి దయ్యము పట్టినదని తలంతురు. లేదా “త్రాగక పోబట్టే ఇట్లయినాడు” అని జాలిపడి మరల గ్లాసు చేతికిత్తురు. ఇందులో మొదటిది అజ్ఞానము, రెండవది ప్రేమ. ఫలము మాత్రము ఒక్కటే.

1938 నాటి చట్టములో దుకాణమునకు తాళము కలదు, నాటుసారా కాచువానికి చెరసాల కలదు, కల్లుగీతవానికి తీపి కల్లుతో బెల్లము కాచుకొను అనుమతి కలదు. ఆ మూడవ రాత్రికి మాత్రము ఒక మంచమైనను లేదు. అందుచేతనే, దుకాణము మూసినచోట వార్నీషును, మందుల షాపు టింక్చరును త్రాగి కన్నులును ప్రాణములును పోగొట్టుకొనినవారి వార్తలు నిషేధకాలమంతయు వినబడుచుండెను.

తరువాతి కథ మీకు తెలిసినదే. త్వరగా చెప్పి ముగింతును. యుద్ధకాలమున గవర్నరు పాలనలో నిషేధము నిలిచిపోయెను. 1946లో మరల మొదలై, 1948 అక్టోబరు 2 నాటికి రాష్ట్రమంతయు వ్యాపించెను. 1954 నవంబరులో ఆంధ్రరాష్ట్రపు మొదటి ముఖ్యమంత్రియైన ప్రకాశం పంతులుగారి ప్రభుత్వము ఈ నిషేధపు తగవులోనే ఒక్క ఓటు తేడాతో పడిపోయెను. 1960వ దశాబ్దము చివరకు నిషేధము సడలిపోయినది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరములు నేర్చుకొనుచున్న స్త్రీలు సారా దుకాణమును మూయించిరి. ఆ నిప్పు రాష్ట్రమంతయు ప్రాకి, 1993 అక్టోబరు 1న సారాయి నిషేధమును, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధమును తెచ్చెను. 1997లో అదియు పోయెను. 2019లో దుకాణములను ప్రభుత్వమే నడపనారంభించెను. 2024 అక్టోబరులో అవి మరల ప్రైవేటువారి చేతికి పోయెను. ఇన్నిసార్లు మూసిరి, ఇన్నిసార్లు తెరచిరి. ఎన్నికల సభలలో దుకాణమును గూర్చి మాటలాడినంతగా రోగిని గూర్చి మాటలాడినవారు లేరు.

లోకములో మరియొక త్రోవ ఎట్లు తెరవబడెనో చూడుడి. 1877లో జెనీవా పట్టణములో లూసియన్ రోషా అను కాపరి ఒక చిన్న సహవాసమును స్థాపించెను. అది తరువాత నీలి సిలువ యను పేర అనేక దేశములకు వ్యాపించినది. యుద్ధములో గాయపడినవానికి ఎఱ్ఱ సిలువ యున్నట్లే, త్రాగుడుచేత గాయపడినవానికి ఒక సిలువ యుండవలెననుట దాని భావము. త్రాగుబోతును దూషించుట కాక, అతని ప్రక్కన నడచుట ఆ సహవాసపు పని.

1935లో అమెరికాలోని ఏక్రన్ పట్టణమున బిల్ విల్సన్ అను వర్తకుడును, బాబ్ స్మిత్ అను శస్త్రవైద్యుడును కలిసికొనిరి. ఇద్దరును త్రాగుడుచేత చెడినవారే. ఒక త్రాగుబోతు మరియొక త్రాగుబోతుతో దాపరికము లేక మాటలాడినప్పుడు ఇద్దరికిని బలము కలుగుచున్నదని వారు కనుగొనిరి. ఆల్కహాలిక్స్ అనానిమస్ అను లోకవ్యాప్తమైన సహవాసము అట్లు పుట్టెను. కాని వారికి ఒక చిక్కు వచ్చెను. వణకుచున్న రోగిని మొదటి దినములలో ఎచ్చట పరుండబెట్టవలెను? ఆసుపత్రులవారు త్రాగుబోతును చేర్చుకొనరు. గలాటా చేయుదురు, బిల్లు కట్టరు, మరల త్రాగుదురు. వారి వాదము అది. అప్పుడు సెయింట్ థామస్ ఆసుపత్రిలో రోగులను చేర్చుకొను బల్లయొద్ద కూర్చుండెడి సిస్టర్ ఇగ్నేషియా అను కన్యాస్త్రీ 1939 ఆగస్టులో ఒక రోగిని చేర్చుకొనెను. పుస్తకములో అతని రోగము జీర్ణకోశపు వాపు అని వ్రాయించెను. మరునాడు అతనికి వేరుగా గది దొరకనందున, రోగుల పూలను అమర్చెడి చిన్న గదిలోనికి అతని మంచమును త్రోయించెను. ఆ పూలగదిలోనుండి ఆరంభమైన పని వేలకొలది మందికి చికిత్సనిచ్చెను. ఇంటికి పోవు ప్రతివానికి ఆమె ఒక చిన్న పతకమునిచ్చి, మరల త్రాగదలచినయెడల ముందుగా దీనిని తెచ్చి నాకు అప్పగించుమని చెప్పెడిది. పుస్తకములో ఆమె వ్రాయించిన మాట సరియా కాదా యని మన వేదాంత విద్యార్థులు వాదించుకొనవచ్చును. నాకైతే, తలుపు లేని చోట పూలగది తలుపు తెరచిన ఆ స్త్రీని తప్పుపట్టుటకు నోరు రాదు.

మందుల సంగతియు ఒకటి చెప్పవలెను. ఏలయనగా మన పల్లెలలో దీనివలన ప్రాణములు పోవుచున్నవి. 1948లో కోపెన్‌హేగన్ నగరమున యెన్స్ హాల్డ్, ఎరిక్ యాకొబ్సెన్ అను ఇద్దరు శాస్త్రజ్ఞులు, కడుపులోని నులిపురుగులకు మందు వెదకుచు డైసల్ఫిరం అను మాత్రను తామే మ్రింగి, తరువాత మద్యము పుచ్చుకొనినప్పుడు ముఖము ఎఱ్ఱబారి, వాంతులై, గుండె దడదడలాడుటను గమనించిరి. అదియే త్రాగుడు మాన్పించు మందుగా ప్రసిద్ధికెక్కెను. వైద్యుడు పరీక్షించి, రోగి తెలిసి ఒప్పుకొని పుచ్చుకొనినప్పుడు అది కొందరికి ఊతకర్ర. రోగికి తెలియకుండ కూరలో కలిపి పెట్టినప్పుడు అది విషము. అతడు త్రాగి వచ్చి దానిని తినినయెడల రక్తపుపోటు పడిపోయి, గుండె ఆగిపోవచ్చును. “తెలియకుండ అన్నములో కలుపుడి, త్రాగుడు మానును” అని గోడమీద వ్రాసిన ప్రకటనలను చూచి మోసపోవద్దని మన స్త్రీల సమాజములలో చెప్పవలెను. ఆ పొట్లములో ఏ పేరున ఏమి యున్నదో కొనినవారికి తెలియదు.

మన దేశమునకు ఈ చికిత్స మన పొరుగుననే వచ్చెను. ఐడా స్కడరమ్మగారు 1900లో ఆరంభించిన పనినుండి పెరిగిన వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలవారు 1957లో బాగాయములో మానసిక ఆరోగ్య కేంద్రమును తెరచిరి. కెనడా దేశస్థురాలైన డాక్టరు ఫ్లోరెన్స్ నికల్స్‌గారు ఆ పనికి పునాది వేసినవారు. రోగిని గొలుసుతో కట్టి గోడల వెనుక మూయు పిచ్చాసుపత్రుల కాలములో, ఇచ్చట రోగితోపాటు ఇంటివారొకరు వచ్చి యుండి, చికిత్సలో పాలుపంచుకొను పద్ధతి ఏర్పడినది. అన్నము వండి పెట్టెడి తల్లియు, రాత్రి కావలి కాయు తమ్ముడును రోగమేమిటో అక్కడనే నేర్చుకొందురు. ఆ పద్ధతి మన ఇండ్లకు తగినది. అదే 1957లో బొంబాయిలో ఆల్కహాలిక్స్ అనానిమస్ సహవాసము మన దేశమున మొదలాయెను.

1980లో మద్రాసులో శాంతి రంగనాథన్‌గారు, త్రాగుడువలన భర్తను కోల్పోయిన స్త్రీ, ఆయన పేరున ఒక సంస్థను స్థాపించి త్రాగుడు మాన్పించు వైద్యశాలను నడిపించిరి. ఆమె చేసిన పనులలో నా మనస్సునకు మిక్కిలి హత్తుకొనినది ఆసుపత్రి కాదు. తంజావూరు ప్రాంతములోని మంజక్కుడి అను పల్లెకు 1989 నుండి వారు చికిత్సనే తీసికొనిపోయిరి. ఊరివారు చోటిచ్చిరి, వైద్యులును సలహాదారులును అచ్చటనే బసచేసి, ఊరిలోని రోగులను కొన్ని దినములపాటు ఒక్క శిబిరములో నుంచి, మందులిచ్చి, భార్యలను తల్లులను కూడ కూర్చుండబెట్టి మాటలాడిరి. తరువాత నెలనెలకు వచ్చి చూచుచుండిరి. ఊరివారే చేర్చినందున, ఊరివారే కాపాడిరి. పట్టణములో ఎవరికి తెలియకుండ చికిత్స పొంది వచ్చినవానికి తన ఊరిలో సాయంకాలమున కూర్చుండ చోటు దొరకదు. దుకాణము ముందరనే దొరకును. మంజక్కుడిలో ఆ చోటును ముందుగానే మార్చిరి. మన మందిరములు వారములో ఆరు దినములు తాళము వేసియుండునవి గదా యని ఈ సంగతి చదివినప్పుడెల్ల నాకు తోచును.

ఇక కార్వేటినగరపు తల్లి ప్రశ్నకు ఉత్తరము చెప్పవలెను. మంచి సమరయుని కథలో మనము నూనెను, ద్రాక్షారసమును, గాడిదను గూర్చి ప్రసంగింతుము. ఆ మనిషికి పూటకూళ్ల ఇల్లు ఎచ్చట నున్నదో తెలిసియుండెను. ఆ సంగతి మనకు పట్టదు. తెలియనియెడల అతని జాలి దారిలోనే ఆగిపోయి యుండును.

ముందుగా సమీపములోని ప్రభుత్వ ఆరోగ్య కేంద్రపు వైద్యునికి చూపవలెను. కాలేయము, రక్తము, గుండె పరీక్షించి, ఇంటివద్దనే మాన్పించవచ్చునో, మంచము మీద నుంచవలెనో ఆయన చెప్పును. మునుపు మానినప్పుడు మూర్ఛ వచ్చినవానిని, మతి భ్రమించినవానిని ఇంటిలో నుంచరాదు. కార్వేటినగరమునుండి ఒకవైపు పుత్తూరు మీదుగా తిరుపతి, మరియొకవైపు చిత్తూరు మీదుగా వేలూరు. తిరుపతిలో రుయా ఆసుపత్రి యని మనము పిలుచు ప్రభుత్వ సర్వజన వైద్యశాలలో మానసిక వైద్య విభాగము కలదు. వేలూరులో బాగాయము కలదు. మానసిక వైద్యుడనగానే పిచ్చివానిగా ముద్ర వేయుదురను భయము మనవారికి పెద్దది. త్రాగుడునకు మందిచ్చు వైద్యుడు ఆయనే యని స్పష్టముగా చెప్పవలెను. అచ్చట మొదటి వారములో వణకును మూర్ఛను ఆపు మాత్రలును, బి-1 విటమిను సూదులును ఇత్తురు. ఆ తరువాత మాటలాడుట, ఇంటివారిని కూర్చుండబెట్టుట, మరల మరల వచ్చి చూపించుకొనుట. పని యంతయు నిజముగా అప్పుడే ఆరంభమగును.

టెలిఫోను గల ఇంటివారికి రెండు నంబరులు చెప్పెదను. మందిరపు గోడమీద వ్రాసి పెట్టుడి. మాదకద్రవ్యముల విషయమై కేంద్ర ప్రభుత్వపు ఉచిత నంబరు 14446. మనోవ్యాధుల విషయమై 2022లో ఆరంభమైన టెలీ మానస్ నంబరు 14416. దానిలో తెలుగున మాటలాడవచ్చును.

మన యౌవనస్థులలో కొందరు గంజాయికి లోబడుచున్నారను మాట ఏ తల్లికిని కొత్త కాదు. వారి తల్లిదండ్రులు ఆసుపత్రికి పోక దాచుటకు పోలీసు భయమే కారణము. 1985 నాటి మాదకద్రవ్యముల చట్టములోని 64ఎ విభాగము ప్రకారము, వాడుకకుగాని స్వల్ప పరిమాణమునకుగాని పట్టుబడిన వ్యసనపరుడు ప్రభుత్వము గుర్తించిన చోట తానై చికిత్సకు ఒప్పుకొని దానిని పూర్తిచేసినయెడల అతనిపై ఆ నేరవిచారణ ఉండదు. వైద్యునియొద్దకు పోవుట నేరమును ఒప్పుకొనుట కాదు.

చికిత్స పేరున నడచు చోట్లన్నియు చికిత్సాలయములు కావు. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో మనోవ్యాధిగ్రస్తులను ఉంచిన ఇంటికి నిప్పంటుకొనగా, గొలుసులతో కట్టబడినందున పారిపోజాలక 28 మంది కాలిపోయిరి. అది అన్యమతస్థుల చోటని మనము చేతులు కడుగుకొన వీలులేదు. గొలుసును దాచిన ప్రార్థన గృహములు మనలోను కలవు. సమాధులలో నుండిన గెరాసేనీయుని జనులు ఎన్నిసార్లు సంకెళ్లతో కట్టిరో, అతడు ఎన్నిసార్లు త్రెంచెనో మార్కు వ్రాసియున్నాడు. ప్రభువు అతని చేతికి క్రొత్త సంకెల వేయలేదు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము మద్యము, మత్తుపదార్థముల వలన కలుగు మనోవ్యాధులను కూడ తనలో చేర్చుకొని, రోగిని గొలుసులతో కట్టుటను నిషేధించినది. కాబట్టి ఇంటివారు ఏ కేంద్రమునకు పోయినను మూడు మాటలు అడుగవలెను: ప్రతిదినము చూచు వైద్యుడు ఉన్నాడా? ఇంటివారు వచ్చి చూడవచ్చునా? కొట్టుటగాని కట్టుటగాని కలదా? రోగిని చూడనియ్యము, డబ్బు మాత్రము కట్టి పొమ్మనువారి గడప తొక్కవద్దు.

2019లో ప్రచురింపబడిన జాతీయ పరిశీలన యొక్క లెక్క ఒకటి నన్ను చాలదినములు వెంటాడెను. మన దేశములో మద్యమునకు బానిసలైనవారిలో 38 మందికి ఒకరు మాత్రమే ఏదో యొక చికిత్స పొందుచున్నారు. ఆసుపత్రిలో చేర్చుకొనబడి చికిత్స పొందినవారు 180 మందిలో ఒకరు. నూరు గొఱ్ఱెలలో ఒకటి తప్పిపోయిన కాపరి కథ మనకు తెలియును. ఇచ్చట 38లో 37 తప్పిపోయి, దొడ్డిలో ఒక్కటి యున్నది.

ఆ ఒక్కడును చికిత్స పొంది వచ్చి మరల త్రాగవచ్చును. చక్కెరవ్యాధి మరల పెరిగినప్పుడు వైద్యుడు రోగిని వెళ్లగొట్టడు, మందు మార్చును. ఈ రోగమును అట్లే చూడవలెనని వైద్యులు చెప్పుచున్నారు. రెండవసారి వేలూరు పోవుటకు బస్సు ఖర్చు ఇచ్చుట మొదటిసారి ఇచ్చినంత సులభము కాదని సంఘ పెద్దలందరికి తెలియును. మొదటిసారి సాక్ష్యము దొరకును, రెండవసారి సిగ్గు దొరకును. ఆ ఖర్చును సంఘపు లెక్కలో దరిద్రుల సహాయము క్రింద ముందుగానే వ్రాసి యుంచుట నేను ఎరిగిన మంచి పద్ధతి. వైద్యుడు రమ్మనిన దినమున తోడుపోవుటకు ఇద్దరి పేర్లు, ఒకరు రాలేనియెడల మరియొకరు, దాని ప్రక్కనే వ్రాయవచ్చును.

ఇంకొక చిన్న సంగతి మిగిలియున్నది. చిన్నదేగాని అతనికి పెద్దది. చికిత్స పొంది వచ్చినవాడు ప్రభువు బల్లయొద్దకు వచ్చినప్పుడు పాత్రలో ఏమి యుండవలెను? కొన్ని సంఘములలో పులిసిన ద్రాక్షారసము వాడుదురు. మానివేసినవానికి ఒక్క చుక్క వాసనయు పాత ఆకలిని లేపగలదు. డైసల్ఫిరం పుచ్చుకొనుచున్నవానికి అది కడుపులో చిచ్చు పెట్టును. 1869లో అమెరికాలో థామస్ వెల్చ్ అను మెథడిస్టు విశ్వాసి పులియని ద్రాక్షరసమును కాచి, సీసాలలో చెడకుండ నిలువయుంచు పద్ధతిని ప్రభువు బల్లకొరకే కనిపెట్టెను. నేడు ఎండుద్రాక్షను నీళ్లలో నానబెట్టి, మరిగించి, వడగట్టి ఆ రసమును ఏ పల్లెలోనైనను సిద్ధపరచవచ్చును. అందరికి ఒక్కటే పాత్ర పెట్టుటయా, అతనికి వేరుగా పెట్టుటయా? వేరుగా పెట్టినయెడల అందరి కన్నులు అతనిమీద పడును. అతడు తిరిగివచ్చు ఆదివారమునకు ముందే పెద్దలు కూర్చుండి ఈ మాట తేల్చుకొనవలసియున్నది.